రూత్ మేడం చీటీ

1993 ఆగస్టు రెండున కామారెడ్డి రైతు సహకార సంఘంలో టైపిస్టుగా చేరిన శ్రీమతి రూత్ గారు, ముప్పై రెండేళ్ల నిష్కళంక సేవ అనంతరం, మేనేజరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వార్త విని ఎల్లారెడ్డి శాఖలో అందరికంటే ముందు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నవారు ఆ శాఖ ఇన్‌చార్జి సుందర్. ఆయన అసూయ వయసు కూడా తక్కువేమీ కాదు.

2016లో, వడ్ల కొనుగోలు కేంద్రాల్లో ఎవరి వంతు ముందన్న తగాదాలు చూడలేక, రూత్ గారు ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం తెచ్చారు. ఎవరైనా ఉచితంగా తీసుకుని, తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. రైతుకు వంతు నంబరు వేసి ఇచ్చే టోకెన్ చీటీలు మొదలయ్యాయి. సమావేశాల్లో చప్పట్లు ఆమెకు; సుందర్‌కు చాయ్. 2019లో ఆయన అదే ప్రోగ్రాంను మార్చి ఎల్లారెడ్డిలో వేరుగా నడిపించారు. వేగం ఎక్కువ, రైతు ఫోనుకు మెసేజ్ అదనం. నంబర్ల తీరూ మార్చేశారు. ఇది ఆమెదని ఎవరూ అనకూడదు!

2021 ఏప్రిల్. ఎల్లారెడ్డిలో గోనెసంచులు అయిపోయాయి. అక్కడి చీటీ తీసుకున్న గాంధారి రైతు సాలవ్వ వడ్ల ట్రాక్టరును సుందర్ కామారెడ్డికి మళ్లించారు. వెనకే బైకు మీద తానూ వెళ్లారు. కామారెడ్డి కంప్యూటర్ ఆమె చీటీ మీది నంబరే లేదంది. పైన మబ్బు కమ్ముతోంది.

"గా ఊరి చీటీ గీ ఊర్ల చెల్లదా? ఏ డబ్బ ఎవలు చేసిండ్రో నా వడ్లకేం ఎరుక బిడ్డా!" అంది సాలవ్వ, మబ్బు వైపు చూస్తూ.

రూత్ గారు నంబరును చేత్తో రాసుకుని తూకం వేయించారు. ఆఖరి సంచి షెడ్డు చేరాకే వాన దిగింది. సుందర్ తిట్లకు సిద్ధమయ్యారు. తిట్లు రాలేదు. మూడో రోజు రూత్ గారి ఫోను వచ్చింది.

"తమ్మీ, నీ చీటీ చదువుడు మాదానికి నేర్పిన. మాది చదువుడు నీదానికి నేర్పుతవా?"

"రెండెందుకు మేడం? నాది తీసెయ్యమనరాదు?"

"ఎందుకు తీసుడు? నీ మెసేజ్ మంచిగున్నది, మేం గూడ పెట్టుకుంటం. రెండున్నందుకు కాదు తమ్మీ, ఒకదాని మాట ఒకదానికి తెల్వకనే ముసలామె ఆగమైంది."

సుందర్ ఆ సాయంత్రమే పని పూర్తిచేశారు. నేటికీ రెండూ నడుస్తున్నాయి, ఒకదాని చీటీని మరొకటి చదువుతూ.

మొన్న ఎల్లారెడ్డిలో, సుందర్ స్వయంగా ఇచ్చిన టోకెన్‌ను కొంగున ముడేసుకుంటూ సాలవ్వ పక్కామెతో అంది: "రూత్ మేడం చీటీ దొరికింది పిల్లా!"

సుందర్ తరువాతి నంబరును కాస్త గట్టిగా పిలిచారు.

భర్త సీమోను గారితో, కుమార్తె ఆశ్రితతో రూత్ గారు ఆరోగ్యంగా, ఆనందంగా నూరేళ్లు వర్ధిల్లాలని మన సంఘం కోరుకుంటోంది. సుందర్ కోరిక ఇంకొంచెం పెద్దది: ఆ చీటీకి తన పేరు పడేదాకా ఆమె ఉండి చూడాలి. రైతుల తీరు చూస్తే, అందుకు నూరేళ్లు చాలేలా లేవు.