సిమెంటు కాగితం మీద వంతులు

చెప్పండి, ఆ గోడ మీద మీరేం చూశారు? ఉత్త సిమెంటు సంచి కాగితమేనా? ఇంకోసారి చూడండి. బొగ్గుతో గీసిన గళ్లున్నాయి. పన్నెండు పేర్లున్నాయి. వంట ఏ రోజు ఎవరిది, నీళ్లెవరు పట్టాలి, బాత్రూమ్ ఎవరు కడగాలి, అంతా అందులోనే ఉంది. మస్కట్‌కి దూరంగా, ఎడారి ఊరు ఇబ్రిలోని ఆ కంపెనీ రూమ్‌కి అదే చట్టం. రాసినవాడు పెద్దులు. తొంభై మూడులో ఒక శుక్రవారం దాని ముందు చెమటలు కక్కుతూ నిలబడ్డవాడు గంగన్న.

గంగన్న మూడేళ్ల తర్వాత సెలవు మీద ఇంటికి పోతున్నాడు. పుట్టినప్పటి నుంచీ కంటితో చూడని కూతురుంది. పాస్‌పోర్టు, టికెట్ కంపెనీ నిన్ననే చేతికిచ్చింది. "విలువైనవి ఇనుప పెట్టెలనే ఉండాలె, రూమ్ పద్ధతి" అని పెద్దులు వాటిని లాక్కుని పెట్టెలో పెట్టాడు. ఇప్పుడు పెట్టెకు తాళం. బయట మస్కట్ పోయే పికప్. డ్రైవర్ ఇక్బాల్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"పెద్దులన్నా, తాళం తియ్యే."

"తీస్త గని, జర కూసో. చాయ్ తాగు. పద్ధతంటే ఏందో నీకు చెప్పాలె. నేనొచ్చిన కొత్తల పన్నెండు మందికి ఒక్క బాత్రూమ్. పొద్దుగాల బకెట్లతోని కొట్టుకునేటోళ్లు. నేనేం జేసిన? మనిషికి ఐదు నిమిషాలని రాసి గోడకు అతికించిన. తెల్లారే లొల్లి బంద్!"

"అది నిజమే," అన్నాడు మంచం మీద కూర్చున్న సంజీవ్.

"ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? పక్క క్యాంపోళ్లు పిలిచిండ్రు. ఆరు వందల మంది. వాళ్లకూ ఒక్కటే బాత్రూమ్!"

"ఆరు వందల మందికి ఒక్కటా?"

"ఒక్కటే! మనిషికి ఎనిమిది సెకన్లు రాసిన. ఒకడు తల తడుపుకుంట లోపలికి పోతుంటె ఇంకొకడు తల తుడుసుకుంట బయటికి వస్తుండె. ఇంక గంట మిగిలితె ఊరి మేకలకు సుత తానం పోయించిన."

"జల్దీ కరో భాయ్!" బయటి నుంచి ఇక్బాల్ అరిచాడు. "పది నిమిషాలు చూస్తా, తర్వాత పోతా!"

గంగన్న పెట్టె దగ్గరికి జరిగాడు. "అన్నా, తాళం..."

"వస్తున్న! అసలు ముచ్చట ఇనలే నువ్వు. మేము పునాది పోస్తున్నం. కొండ మీద వాన. వాది, గదే ఎండిన వాగు, పొంగింది, తాటిచెట్టంత ఎత్తు నీళ్లు మీదికొస్తున్నయి. అందరు ఉరికిండ్రు. నేను సిమెంటు కాగితం తీసి రాసిన: ముందు కాంక్రీటు, తర్వాత చాయ్, తర్వాత వరద. నీళ్లకు చూపిచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"నీళ్లు చదువుకున్నయా ఏందే?" సంజీవ్ నవ్వాడు.

"ఆగినయి! మేము చాయ్ తాగెదాక ఆడనే నిలబడ్డయి. ఫోర్మన్ జహీరుద్దీన్ నా చేతులు పట్టుకుండు. గప్పటి నుంచి ఎండకు సుత నేనే డ్యూటీ వేస్తున్న. పన్నెండు నుంచి మూడు దాక పొద్దుకు బ్రేక్, మబ్బుకు ఓవర్‌టైమ్..."

గంగన్న వినడం మానేశాడు. అతని కళ్లు గోడ మీది కాగితంలో చివరి వరుస దగ్గర ఆగిపోయాయి. పెట్టె తాళం చెవి ఆ రోజు వంటవాడి దగ్గర ఉండాలి. శుక్రవారం వంట లింబాద్రిది. లింబాద్రి, సెలవు రోజైనా, ఓవర్‌టైమ్‌కని చీకటితోనే వంద కిలోమీటర్ల అవతలి సైట్‌కి పోయాడు. తాళం చెవి అతని మొలతాడుకు ఉంది.

"పెద్దులన్నా," గంగన్న అతని వైపు తిరిగాడు. "వరదను ఆపినవ్. పొద్దును ఆపినవ్. లింబాద్రిని గడప కాడ ఆపి తాళం చెవి అడగలేకపోయినవా?"

పెద్దులు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నీకు పొద్దుగాల్నే ఎరికె గదా? ఎందుకు చెప్పలే?" అన్నాడు గంగన్న.

"లిస్టు ప్రకారం... లింబాద్రి ఇయ్యాల రూమ్లనే ఉండాలె," అన్నాడు పెద్దులు సన్నగా.

గంగన్న మూలనున్న గడ్డపార తెచ్చి తాళం మీద రెండు దెబ్బలు వేశాడు. మూడో దెబ్బకు తాళం ఊడి కింద పడింది.

"మెల్లగ! పెట్టెల పాటల క్యాసెట్లు వరుసల పెట్టిన!" పెద్దులు కేకేశాడు.

పాస్‌పోర్టు, టికెట్ జేబులో కుక్కుకుని, బ్యాగు చంకన పెట్టుకుని గంగన్న పరుగెత్తాడు. పికప్ అప్పటికే కదిలింది. వెనక రేకు పట్టుకుని ఎగబాకాడు.

మూడు వారాలకు గంగన్న నుంచి ఉత్తరం వచ్చింది. విమానం అందిందట. నాయిన ఎవరో తెలియక బిడ్డ ఏడ్చిందట, మూడో రోజున చంకెక్కిందట.

ఆ ఉత్తరం చదివి రూమ్‌లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత దాన్ని జాగ్రత్తగా మడిచి ఇనుప పెట్టెలో పెట్టారు. పెట్టెకు అప్పటికే కొత్త తాళం ఉంది, గోడ మీద పెద్దులు చేతిరాతతో కొత్త సిమెంటు కాగితం ఉంది. డబ్బులేసుకుని ఆ తాళం తెచ్చింది మిగిలిన పదకొండు మందే.

ఇప్పుడు మీరు చెప్పండి, ఆ కొత్త తాళం చెవి వాళ్లు ఎవరి చేతికిచ్చి ఉంటారు?