జీను కింది మెత్త

గుర్రపుశాల వెనక కుళాయి దగ్గర తోడికోడళ్లిద్దరూ జీను కింద వేసే మెత్తలు ఉతుకుతున్నారు. చెప్పాలో వద్దో తెలియక తటపటాయించి, చివరికి చిన్నామె నోరు విప్పింది.

"అక్కా, నిన్న సబ్బు అయిపోయింది. రెండు మెత్తలకి జిడ్డు వదలక, నేల కడిగే పొడి వేశాను."

"నీ బుద్ధి గడ్డి తిందా? బాగా జాడించావా మరి?"

"ఒక్కసారే. కుళాయి ఆగిపోయింది. తెల్లగా ఆరాయి కదా అని జీను గదిలో పెట్టేశాను. ఇందాక ఇది తడిపి చూస్తే ఇంకా నురగే వస్తోంది. నా వేళ్లు ఎలా మండుతున్నాయో చూడు."

"చెమట పట్టిందంటే గుర్రం వీపు భగ్గుమంటుంది! రెండోది ఏదీ?"

"ఆ పొగరుమోతు గుర్రం మీద వేశారు. మైదానంలోకి వెళ్లిపోయింది."

పెద్దామె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"నోరు మెదపకు. అది ఎగిరి పడేసినా, జీను సరిగ్గా బిగించలేదనుకుంటారు. దీన్ని గబగబా జాడించి ఆరేసెయ్. మనకేం తెలీదు."

"ఎక్కినవాళ్లకి ఏమన్నా అయితేనో?"

"ఎవరెక్కితే మనకెందుకే? ఈ పని పోతే నీకు దిక్కెవరు?"

"అక్కా... రోజూ దాన్నెక్కే అయ్యగారు ఇవాళ రాలేదు. గుర్రాన్ని ఓసారి తిప్పి తెమ్మని నీ కూతుర్నే పంపారు."

పెద్దామె చేతిలోని మెత్త జారి బురదలో పడింది. గోడ అవతల గిట్టల చప్పుడు ఆగకుండా దగ్గరకొస్తోంది. ఆమె రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

"నువ్వే చూసి చెప్పవే. దాని మీద నా తల్లి ఉందా?"