కొమ్ము లేని ఉక్కుడేగ

బజారులో చిన్న బొమ్మల కొట్టు. మధ్యాహ్నం, బేరాలు లేని వేళ. గల్లా దగ్గర కొట్టావిడ, ఎదురుగా నెల రోజుల్లో నాలుగోసారి వచ్చిన మనిషి.

"లేవని చెప్తున్నాగా సార్."

"పోయిన వారం ఈ అర నిండా ఉన్నాయి కదమ్మా."

"అయిపోయాయి."

"నలభై దాకా ఉన్నాయి. వారంలో అన్నీ అమ్ముడుపోయాయా?"

"లెక్కపెట్టుకెళ్ళారా?"

"లెక్కపెట్టలేదు. చూస్తే తెలీదా?"

"కార్లున్నాయి. తాళాలు వాయించే కోతి ఉంది. ఏదన్నా తీసుకోండి."

"నాకు ఉక్కుడేగ బొమ్మే కావాలి."

"ఉక్కుడేగ కావాలంటే పెద్ద కొట్లకి వెళ్ళండి. మంచి పెట్టెలో పెట్టి, సంచీలో వేసి మరీ ఇస్తారు."

"ఆ అసలుది నాకొద్దు. మీ దగ్గర దొరికేదే కావాలి. అట్ట మీద ఉక్కడేగ అని ఉంటుంది చూడండి, 'క్కు'కి కొమ్ము లేకుండా."

"అదిగో, పట్టుకున్నారు. ఆ తప్పు రాసుకోడానికే కదా మీరు ఇక్కడ తిరిగేది?"

"అయ్యో, గుర్తు చెప్పానంతే."

"నేనీ కొట్లో పద్దెనిమిదేళ్ళుగా కూచుంటున్నా సార్. బొమ్మ కొనేవాడు చెయ్యి కదిపి చూస్తాడు, కాలు కదిపి చూస్తాడు. మీరు మొదటిసారి వచ్చినప్పుడు ఒట్టి ముఖమే చూశారు. ఒక్కోటీ తీసి వెలుగులోకి పట్టి మరీ. ఒకటి కొన్నారు. రెండోసారి ఇంకోటి కొని, ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు అన్నారు. పోయిన వారం ఏమీ కొనలేదు. ఏమడిగారో చెప్పండి."

"అచ్చు ఎవరి దగ్గరుందని అడిగాను."

"ఆఁ. కొనుక్కునేవాళ్ళకి అచ్చుతో ఏం పని?"

"పని ఉండబట్టే అడిగాను."

"ఆ పనేంటో చెప్పలేదుగా."

"మీరు చెప్పనిచ్చారా? అచ్చు అనగానే షట్టరు సగం దించేశారు."

"భోజనం వేళయింది, దించాను."

"పదకొండింటికా?"

"ఆకలేసింది. మీకెందుకు?"

"నన్ను ఆ అసలు బొమ్మల కంపెనీ మనిషనుకుంటున్నారు, అంతేనా?"

"కాదా మరి?"

"ఒకప్పుడు. మానేసి మూడేళ్ళయింది."

"చూశారా. మా మరిదితో అప్పుడే అన్నాను, ఈయన వాలకం వేరుగా ఉందని."

"మీ మరిదేనా ఇవి చేసేది?"

"మరిదని నేనెప్పుడన్నాను?"

"ఇప్పుడే అన్నారు."

"మా మరిది కూరగాయలమ్ముతాడు."

"సరేనమ్మా, కూరగాయలే అమ్ముతాడు. కాస్త కూచోనా?"

"నిలబడే చెప్పండి. తొందరగా."

"కంపెనీలో పన్నెండేళ్ళు నాది అచ్చుల పని. ఉక్కుడేగ మొదటి తల మైనంలో చెక్కింది నేనే. పిల్లల కథల పుస్తకాల్లో వాడికి ముసుగే గానీ ముఖం లేదు. నీకు తోచిన ముఖం పెట్టవయ్యా అన్నారు. మా తమ్ముణ్ణి ఎదురుగా కూచోబెట్టుకున్నాను. కదలకురా అంటే వినేవాడు కాదు, ఒకటే నవ్వు. అందుకే ఎడమవైపు పెదవి కొస కాస్త పైకి లేచి ఉంటుంది."

"ఇక్కడివాటికీ అంతే. పూత సరిగ్గా పడక అలా వస్తోందనుకున్నాం."

"పూత కాదమ్మా. వాడి నవ్వే అది."

"పెద్ద కొట్లలో దొరికేవి నవ్వవే?"

"ఏడాది తిరక్కుండా ముఖం మార్చేశారు. డేగంటే కోపంగా ఉండాలట. పాత అచ్చులన్నీ కరిగించేశారు. మీవాళ్ళు ఆ మొదటి బొమ్మ మీద అచ్చు తీసుకుని, ఇన్నేళ్ళూ దాంట్లోనే పోస్తున్నారు. ముక్కు చప్పిడయింది, ఒక చెవి సగం లేదు. అయినా వాడే. ఈ దారిన పోతూ మీ అద్దంలోంచి చూసి ఆగిపోయాను."

"తమ్ముడికి చూపించారా?"

"వాడు పోయి రెండేళ్ళయింది. బండి మీద వెళ్తుంటే వెనక నుంచి లారీ."

"అయ్యో."

"వాడి కూతురికి నాలుగేళ్ళు. నాన్న ముఖం గుర్తులేదు. బొమ్మ చేతికిచ్చి, మీ నాన్న ఇలాగే నవ్వేవాడమ్మా అన్నాను. ఇక వదల్లేదు. పక్కలో పెట్టుకుని, ముక్కు పట్టుకుని పడుకునేది. ఇంట్లో ఫొటోలున్నాయిలెండి. ఫొటోలో ముక్కు చేతికందదు కదా."

"మరి రెండోదెందుకు కొన్నారు?"

"మొదటిది వాళ్ళమ్మ కాలికింద పడింది. మీ ప్లాస్టిక్ సంగతి మీకు తెలీందేముంది, తల చితికిపోయింది. నాన్నకి దెబ్బ తగిలిందని ఆ పూట పిల్ల అన్నం ముట్టలేదు. రెండోది కొనిచ్చాను. అది కూడా ఎన్నాళ్ళుంటుంది? అందుకే పోయిన వారం అచ్చు కోసం వచ్చాను. గట్టి రబ్బరులో ఒక్క తల పోసుకుంటే, పిల్లకి పెళ్ళయ్యేదాకా ఉంటుంది."

"ఇంట్లో ఉన్న బొమ్మ మీదే అచ్చు తీసుకోవచ్చుగా. పని తెలిసినవాళ్ళేగా మీరు."

"నకలు మీద నకలు తీస్తే ఇంకాస్త అరుగుతుందమ్మా. ముందు అరిగేది ఆ పెదవి కొసే. ఆ నవ్వు పోయాక ఏం చేసుకోను? ఇప్పుడు ఆ మాట కూడా లేదు. మొన్న పిల్ల దానికి తలంటింది. మరిగే నీళ్ళు. బొమ్మ ముఖం ముద్దయిపోయింది. రెండు రోజులుగా పిల్ల గోడవైపు తిరిగి పడుకుంటోంది, పలకదు."

"ఈ మాట పోయిన వారం చెప్పుండాల్సింది మీరు."

"ఇప్పుడు చెప్పానుగా. ఆ అచ్చు ఒక్క పూట ఇవ్వండి. మీ కళ్ళముందే పోసుకుని ఇచ్చేస్తా. మీ ఊసు ఎవరి దగ్గరా ఎత్తను, ఆ పిల్ల మీద ఒట్టు. మీ మరిదిని పిలవండి, నేనే అడుగుతాను."

"వెనక గదిలోనే ఉన్నాడు, అన్నా. పిలిచినా లాభం లేదు."

"ఏం, ఆయన ఒప్పుకోడా?"

"మీరు వెళ్ళిన మర్నాడు అరలోవన్నీ దించి కరిగించేశాం. అచ్చు పగలగొట్టడానికి వాడికి చేతులు రాలేదు, ఇన్నేళ్ళు అన్నం పెట్టింది వదినా అన్నాడు. సుత్తి నేనే తీసుకున్నాను, అన్నా."