పౌలన్న పెట్టెలో బాకులు

ఎవురినీ, ఓడలో వంటలు చేసిన పౌలన్ననా అడుగుతాండావు? కూచో అబ్బా, ఆ దిమ్మె మీద కూచో, కొలిమి పక్కన వద్దు, సెగ కొడ్తాది. ముందు నువ్వు యాడోనివో చెప్పు. హిందూపురమా? హిందూపురమంటే చిన్న ఊరా, యా వీధి, ఎవురిల్లు? చెప్పవా. సరేలే. చచ్చిపోయినోని బాకుల సంగతి అడిగేకి పెనుకొండకి బస్సెక్కి వచ్చినోన్ని నిన్నే చూస్తాండా. ఏందది, ఇంటర్నెట్‌లో తీసిన ఫొటోనా? ఉండు, అద్దాలు... బుజ్జమ్మా, నా అద్దాలు యాడ పెడ్తివి? మా కోడలు అన్నీ భద్రంగా ఎత్తిపెడ్తాది, పెట్టింది యాడో మర్చిపోతాది. ఈ అబ్బికి టీ పోసుకోని రామ్మా. ఆ, చూపీ. దున్నపోతు కొమ్ముతో చెక్కిన పిడి, నోరు తెరిచిన తల, ఇంత పొడుగు ముక్కు. ఇదే, ఇట్లాంటివే రెండు.

పౌలన్న మద్రాసులో ఓడెక్కి పద్దెనిమిదేండ్లు దేశాలు తిరిగినోడు. ఊరికొచ్చి పెండ్లిండ్లకి వంట చేస్తాండె. చేపల పులుసు చేస్తే... అది వద్దులే, నోరూరుతాది. ఆయప్ప చెప్పేది ఏమంటే, "ఈరప్పా, ఫిలిప్పీన్సు దేశంలో విసాయా దీవులని ఉండాయి, ఆ దీవులోడు ఒకడు నాతో ఓడలో ఉండె, జ్వరమొస్తే నెల దినాలు గంజి కాంచి పోసినా, వాళ్ళ తాతలనాటి బాకులు నా చేతిలో పెట్టె" అని. నేను నమ్మలేదప్పా. గంజికి బాకులిచ్చేటోడు యాడన్నా ఉంటాడా? ఒకనాడు వాటిలో ఒకదాన్ని సంచిలో పెట్టుకోని ఈడికే వచ్చె. ఆయప్పది పుర్రచెయ్యి, ఏ పనైనా ఎడమచేత్తోనే. "ఈరప్పా, ఎర్రగడ్డలు కోస్తాంటే ఇది పక్కకి పోతాది, రెండో పక్క గూడా నూరు" అనె. చూస్తిని గదా, ఒక పక్కనే నూరింది, రెండో పక్క పలక మాదిరి చప్పట. కుడిచేతోనికి చేసింది. నేనేమంటినో తెలుసా? "అన్నా, ఇది మన సీమ పని గాదు. మా తాతముత్తాతలు ఎవురూ బాకుని ఇట్ల నూర్రు. నేను ముట్టను, చెడిపోతాది." నా నోటితోనే అంటి. అది గుర్తు పెట్టుకో.

తర్వాత తొంభై ఆరులో కొండమీద కోట దగ్గర ఎవురో నిధికి తవ్విరి. గుంత, నిమ్మకాయలు, పసుపు, మనిషి మాత్రం లేడు. పౌలన్న దినామూ పొద్దున్నే కొండెక్కి ప్రార్థన చేసుకుంటాండె. "దేవునికి కింద నుంచి వినపడదా, కొండ మీదికే పోవల్నా?" అని మా వీధి హనుమమ్మ మొదలుపెట్టె. నిప్పు లేనిదే పొగ రాదు అంటిమి మేమంతా. నేనూ అంటి, ఎందుకు దాయల్ల? పోలీసులొచ్చి ఆయప్ప ఇంట్లో పెట్టె తీపిస్తే బాకులు! పిడి మీద తల చూసి ఎవురో, "లేపాక్షి కంబం మీది యాళి, ఆ తొండం సింహం మొగం గదా ఇది" అనె. అంతే, రాయల కాలం బాకులైపాయె. పౌలన్న "విసాయా" అంటే, "యాడుండాదప్పా అది, మడకశిర అవతలనా?" అని నవ్విరి. ఆయప్ప ఒకటే మాట, "ఈరప్పని అడగండి, వానికి తెలుసు."

వచ్చిరి. వీధంతా వచ్చె, కెమెరా ఏసుకోని పేపరాయన వచ్చె. పోలీసు పెద్దసారు బాకు నా చేతిలో పెట్టి, "ఏమప్పా, మీ వంశం కోటకి కత్తులు చేసినోళ్ళంట గదా, ఇది మీవాళ్ళ పనేనా?" అనె. వంశమంట! మా తాత కర్రులూ కొడవండ్లూ తప్ప ఇంకోటి చేసినోడు గాదు. నన్ను అట్ల పిలిచినోడు పుట్టినాంక ఎవురూ లేరు. అంచు తడిమితి. ఒక పక్క చప్పట. తెలుసు నాకి. "మా పెద్దోళ్ళ చెయ్యే సార్" అంటి.

పౌలన్న తిట్టలేదప్పా. తిట్టింటే బాగుండు. "నువ్వేనా ఈరప్పా" అనె, అంతే.

పేపర్లో నా ఫొటో పడె. అద్దో గోడమీద, పటం కట్టిచ్చినా. మూడు నెల్లు కొడవండ్లకి జనం వరసగట్టిరి. ఆయప్పని నాలుగు దినాలు స్టేషన్లో కూచోబెట్టి వదిలిరి. బాకులు యాడికి పాయెనో ఎవురికీ తెలీదు. దొంగచేతి వంట అని పెండ్లిండ్లకి ఎవురూ పిలవకపాయె. ధర్మవరంలో కూతురు ఎస్తేరమ్మ ఇంటికి పోయి, ఆడనే పోయినాడంట. మట్టికి నేను పోలేదు. యా మొగం పెట్టుకోని పోయేది?

టీ చల్లారుతాంది, తాగు. ఇంతకీ ఎవురు పంపిరి నిన్ను... ఉండుండు. గ్లాసు పుర్రచేత్తో పట్టినావే. వచ్చినప్పుట్నుంచీ చూస్తాండా, జేబులోంచి ఫొటో తీసిందీ ఆ చేత్తోనే. ఎస్తేరమ్మ కొడుకువి గదా నువ్వు? హిందూపురమంటివే! చదువుకునేది ఆడనా. ఆ... మొగం గూడా ఆయప్పదే.

సరే, కాగితం తీ. రాసుకో. అది మా తాత పని గాదు, ఈ సీమ పనే గాదు, ఆ పొద్దే నాకి తెలుసు. ఈరప్ప చెప్పినాడని రాయి, ఏలిముద్ర ఏస్తా. ఆ పటం గూడా దించు నాయనా, నాకి అందదు.

ఆడ పెట్టు. కొలిమి ఆరిపోతాంది చూడు... ఆ తిత్తి లాగు. చెయ్యి మార్చొద్దు, ఆ చేత్తోనే లాగు.