మకరం మీద హంసలదీవి దాకా

పటమటలో బడే మియా టీకొట్టు బల్ల మీద దుర్గాప్రసాద్ గారు కూర్చున్నారంటే టీ చల్లారిపోవాల్సిందేగానీ మాట ఆగదు. ఆ ఆదివారం పొద్దున ఆయన సంచీలోంచి ఓ పుస్తకం అట్ట బయటికి కనబడింది. నెత్తిన మణి ఉన్న పెద్ద మొసలి, దాని వీపు మీద ఓ చిన్నపిల్ల.

"ఇదేంటండీ, పిల్లల పుస్తకమా? రిటైరయ్యాక ఇదా పని?" అని నవ్వారు పక్కనున్న రామకోటేశ్వరరావు గారు.

ప్రసాద్ గారికి చురుక్కుమంది. ఆ పుస్తకం బడే మియా కూతురు ఫౌజియా ఇచ్చింది. డిగ్రీ చదువుతున్నా ఆ అమ్మాయికి నాగలోకాలూ, మాట్లాడే పక్షులూ ఉండే నవలలంటే ప్రాణం. వారం నుంచీ ఈయనకీ అదే లోకం. ఆ మాట ఒప్పుకుంటే పరువేం మిగుల్తుంది? గొంతు సవరించుకున్నారు.

"పిల్లల పుస్తకమేనండీ. గుడివాడ నుంచి వస్తూ రైల్లో మొత్తం ఊదిపారేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బ్యారేజీ దగ్గర వాకింగ్ చేస్తుంటే నీళ్ళలోంచి 'ప్రసాద్ గారూ' అని పిలుపు! చూద్దును కదా, ఈ అట్ట మీది మకరమే. 'నా కథ ఇంత శ్రద్ధగా చదివినవాళ్ళు లేరండీ, ఎక్కండి, సముద్రం చూపిస్తా' అంది."

"ఎక్కారా?" అన్నాడు బడే మియా, టీ పైకెత్తి పోస్తూ.

"అంత మర్యాదగా పిలిచాక ఎక్కకపోతే బాగోదు కదా మియా! చెప్పులు విడిచి మరీ ఎక్కా."

"బ్యారేజీ కింద అన్నీ ఇసక మేటలే గదండీ, నీళ్ళేవీ?" అన్నారు రామకోటేశ్వరరావు గారు.

"నేనూ అదే అడిగా. 'నీళ్ళ కోసం మనం ఆగడమేంటండీ, అవే మన వెనకాల వస్తాయి' అంది. వచ్చాయండీ! తోట్లవల్లూరు దాటేసరికి కృష్ణమ్మ రొప్పుకుంటూ మా వెనకే పరుగు. నది మీంచి కాలవని దాటించే పులిగడ్డ అక్విడక్టు దగ్గర తల వంచుకోమంది. నేను వంచుకోలా, అక్విడక్టే కాస్త పైకి జరిగింది! హంసలదీవిలో సముద్రుడు ఎదురొచ్చి, అలలు పక్కకి సర్ది కుర్చీ వేయించాడు. నాగరాజులూ గంధర్వులూ చాపల మీద, నేను కుర్చీలో. 'ఈ కథ ఎలా ముగించాలో రాసినాయనకి తోచట్లేదు, మీరే చెప్పాలి' అన్నారు. చెప్పా. ఆ ముగింపు నాదేనండీ!"

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఫౌజియా తలెత్తింది.

"అదేంటి అంకుల్, ఆ మకరం తొమ్మిదో అధ్యాయంలోనే చచ్చిపోయింది కదా? పాపని కాపాడబోయి."

రామకోటేశ్వరరావు గారు పగలబడి నవ్వారు. బడే మియా చేతిలో టీ ఒలికింది. ప్రసాద్ గారికి ఆ నవ్వులేవీ వినబడలేదు. ఆయనింకా ఆరో అధ్యాయంలోనే ఉన్నారు. అందులో మకరం పాపకి ఈత నేర్పుతోంది. పుస్తకం తొందరగా అయిపోతుందేమోనని నిన్న సాయంత్రం కావాలనే అక్కడ ఆపేశారు.

"చచ్చిపోయిందా?" అన్నారు.

ఫౌజియా నాలిక్కరుచుకుంది. "అయ్యో, మీరింకా అక్కడిదాకా రాలేదా? సారీ అంకుల్."

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. బడే మియా వేడిగా ఇంకో టీ తెచ్చి పెట్టాడు. ప్రసాద్ గారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అట్ట మీది మొసలి వీపు వేలితో నిమిరారు.

"నన్ను హంసలదీవిలో దింపేటప్పటికి మాత్రం బాగానే ఉందమ్మా," అన్నారు.