ఒక్క గెట్‌తో ఓడ నడిపినవాడు

మెడలో కొలతల టేపు వేలాడుతుండగానే టైలరు సెలూన్‌లోకి పరుగెత్తుకొచ్చాడు.

"అన్నయ్యా, నీకు ఇంగ్లీషు వచ్చుగా! మా అమ్మాయి పెద్దాసుపత్రిలో నర్సు ఉద్యోగానికి ఇంటర్వ్యూకెళ్ళిందా, ఇప్పుడే ఫోన్ చేసి 'నాన్నా, గాట్ త్రూ' అంది, అంతలో లైను కట్టయింది. మళ్ళీ కలవట్లేదు. గాట్ త్రూ అంటే వచ్చినట్టా, పోయినట్టా?"

మొహం నిండా నురగతో కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి బార్బరు చేతిలోని కత్తిని పక్కకి నెట్టాడు. ఓడల కబుర్లు చెబుతాడని ఆయన్ని వీధంతా కెప్టెన్ అంటుంది.

"గాట్ అంటే గెట్టే తమ్ముడూ! దాని సంగతి సరిగ్గా నన్నే అడిగావు. కూర్చో. ఆ ఒక్క మాటతో నేను ఓడ నడిపాను తెలుసా?"

"ముందు అమ్మాయి సంగతి చెప్పన్నయ్యా."

"అక్కడికే వస్తున్నా. రేవులో ఓడకి రంగు వేస్తున్నా నేను. పైన తెల్లబట్టల్లో దొర, అసలు కెప్టెను, పచ్చి రంగు మీద చెయ్యి వెయ్యబోయాడు. 'గెట్ బ్యాక్!' అని ఒక్క కేక పెట్టా. వెనక్కి తగ్గాడు, బట్టలు దక్కాయి. నా ఇంగ్లీషుకి ముచ్చటపడి ఓడలోకి రమ్మన్నాడు. కాఫీ గెట్ అంటే తెచ్చి ఇచ్చా. 'గాట్ ఇట్?' అన్నాడు. ఇంకొకడైతే ఇంకో కాఫీ తెచ్చేవాడు. అర్థమైందా అని అడుగుతున్నాడని నాకు తెలుసు కాబట్టి తలూపా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిసముద్రంలో తుఫాను! దొరకి జ్వరం గెట్ అయింది, అంటే తగులుకుంది. ఓడలో తలో దేశంవాడు, ఒకడి మాట ఒకడికి తెలీదు. చక్రం నేను పట్టుకున్నా. 'గెట్ అప్' అన్నా, పడుకున్నవాళ్ళు లేచారు. 'గెట్ డౌన్' అన్నా, స్తంభం ఎక్కినవాళ్ళు దిగారు. 'గెట్ టుగెదర్' అన్నా, అందరూ నా చుట్టూ మూగారు. సరిగ్గా అప్పుడే మన బజారంత తిమింగలం అడ్డొచ్చింది."

"దాన్నేమన్నావు బాబాయ్?" బార్బరు కత్తి తుడుచుకుంటూ అడిగాడు.

"'గెట్ లాస్ట్' అన్నా. అంతే, దారి తప్పిపోయింది పాపం! ఇప్పటికీ ఎదురొచ్చిన ఓడనల్లా దారి అడుగుతోందట."

"తిమింగలానికి ఇంగ్లీషెవరు నేర్పారు?"

"విదేశీ సముద్రంరా అది! అక్కడ రొయ్యపిల్ల కూడా తెలుగు ముక్క మాట్లాడదు. ఇంతలో ఓడకి చిల్లు పడి మోకాళ్ళలోతు నీళ్ళు. నీళ్ళకేసి కళ్ళెర్రజేసి 'గెట్ అవుట్' అన్నా. మెట్లెక్కి మరీ బయటికి పోయాయి. ఇక మబ్బులేమో తొలగవు. తలెత్తి సూర్యుణ్ణి 'గెట్ అప్' అన్నా. మారు మాట్లాడకుండా, పడమటి వైపు నుంచైనా సరే, లేచాడు!"

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా." టైలరు చేతులు జోడించాడు. "క్రితంసారి ఉద్యోగం రాక పిల్ల వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. గాట్ త్రూ అంటే ఏమిటో చెప్పు."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "త్రూ అంటే ఇటు దూరి అటు తేలడం. ముందు తలుపులోంచి వెళ్ళింది, వెనక తలుపులోంచి వచ్చింది. పంపించేశారు తమ్ముడూ. దిగులుపడకు."

టైలరు బెంచీ మీద కూలబడ్డాడు. టేపుని వేలికి చుడుతూ, విప్పుతూ, "ఇంటికొస్తే ఏమీ అడక్కూడదు. ముందు అన్నం పెట్టాలి," అని తనలో తనే అనుకున్నాడు. బార్బరు రేడియో కట్టేశాడు.

ఫోన్ మోగింది. కంగారులో టైలరు వేలు స్పీకరు బటన్‌కి తగిలి, అవతలి గొంతు షాపంతా వినిపించింది.

"నాన్నా, లిఫ్టులో ఉంటే సిగ్నల్ పోయింది. విన్నావా? నెగ్గాను నాన్నా! ఉద్యోగం ఇచ్చారు!"

"వెనక తలుపులోంచి పంపెయ్యలేదా అమ్మా?"

"ఏం తలుపు? నీకెవరు చెప్పారు?"

"మీ కెప్టెన్ పెదనాన్న. ఆ మాటతోనే నడిసముద్రంలో ఓడ నడిపాడట కదమ్మా."

అవతల కిలకిలా నవ్వు. "పెదనాన్నా? నీళ్ళు చూస్తే కళ్ళు తిరిగి, రంగుల పని మొదటిరోజే మానేసి ఇంటికొచ్చాడని పెద్దమ్మ ఎప్పుడూ చెబుతుందిగా!"

టైలరు ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీలేదు. వంతు కోసం బెంచీ మీద కూర్చున్నవాళ్ళు మాత్రం కడుపులు పట్టుకుని నవ్వారు. కెప్టెన్ ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. నురగంతా లోపలికి పోయింది.

"ఉమ్మెయ్ బాబాయ్," అంటూ బార్బరు నీళ్ళ మగ్గు అందించాడు. "మరీ దగ్గరగా చూడకు, నీళ్ళున్నాయి."