రిబ్బను కవరు

వాడకుండా పడున్న గిఫ్ట్ కార్డులు పోగుచేసి లేనివాళ్లకు పంచే బల్ల వెనక, కిరీటం ఒక్కటే తక్కువగా కూర్చుంది ఆడపడుచు. ఎదురుగా, ఈమధ్యే చనిపోయిన తమ్ముడి భార్య నిలబడింది.

"పిల్లకి బూట్లు కావాలి వదినా. ఉన్నవాట్లోంచి వేళ్లు బయటికొచ్చి పలకరిస్తున్నాయి."

"ఇదుగో, నా సొంత కార్డే ఇస్తున్నా. కవరుతో సహా తాజాగా ఉంది."

"ఇది సెంట్ల కొట్టుది కదా! అక్కడ బూట్లు అమ్మరు."

"గుప్పుమని వాసనొస్తుంటే పిల్ల కాళ్లకేసి ఎవరు చూస్తారే?"

"వదినా... ఇది పోయినేడు మీ పుట్టినరోజుకి మేమిచ్చిందే. 'అక్కకి, ప్రేమతో' అని కవరు మీద ఆయనే రాశారు."

"అవునా? నేను విప్పి చూస్తేగా! పోన్లే, మీది మీకే చేరింది. నా చెయ్యి అంత మంచిది."

"కార్డు మీరే ఉంచుకోండి. కవరు ఇవ్వండి చాలు. ఆయన చేతిరాత మా ఇంట్లో ఇంకెక్కడా లేదు."

"కవరా? అమ్మో, రిబ్బను చూడు ఎంత బావుందో! ఇంకెవరికైనా పెట్టడానికి పనికొస్తుంది. నువ్వు కార్డు తీసుకో."

"మరి ఆ రాత?"

"పైన ఓ స్టిక్కరు అంటిస్తే కనపడదులే. ఇక జరుగు, వెనకాల నిజంగా లేనివాళ్లు నిలబడ్డారు."